నోరు మూసుకుని పట్టుకో

“ఒక్క గంట నోరు మూసుకుని దీన్ని పట్టుకో, చాలు” అన్నారు ఈయన. పట్టుకున్నాను. మూసుకున్నాను. పై కప్‌బోర్డుల అడుగున జిగురు రాసి అంటించిన అల్యూమినియం పట్టీ ఇది, లోపల దోసగింజలంత బల్బులు వరసగా. జిగురు ఆరేదాకా ఎవరో ఒకరు అరచేతులతో పైకి అదిమి పట్టాలట, ఫోన్లో వీడియో గడ్డపాయన చెప్పాడట. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. రెండు చేతులూ ఎత్తి, పొట్ట గట్టుకి ఆనించి, దొంగతనంలో దొరికిపోయినదానిలా నిల్చున్నాను. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి సింకు దాకా వచ్చి ఆగింది, ఇంకో అడుగు వేస్తే అంట్లు తోమమంటానని భయం కాబోలు. నా వీపు వెనక ఫ్రిజ్ గుర్రుమంటోంది. అది గుర్రుమనకూడదు. వంటింట్లో ఫ్రిజ్జు, మిక్సీ, దీపం, స్విచ్ బోర్డూ అన్నీ ఒకే లైను, ఆ లైను ఆపేసి వచ్చానని ఈయన అనుకుంటున్నారు. నడవలో ఉన్న మెయిన్ పెట్టె తెరిచి, వరసలో ‘వంటిల్లు’ అని రాసున్న మీటని చూపుడువేలితో కిందికి దించి, చేతులు దులుపుకుని వచ్చారు. ఆ మీట పడకగదిది. ఇప్పుడక్కడ ఖాళీ మంచం మీద ఫ్యాను ఆగిపోయి ఉంటుంది, ఇక్కడ తీగల్లో కరెంటు నిక్షేపంలా ఉంది. పైగా జాగ్రత్త మనిషి కదా, వంటింటి దీపం స్విచ్ కూడా ముందే కట్టేశారు, అది వెలగకపోవడం చూసి కరెంటు లేదని రూఢి చేసుకున్నారు. ఉందన్న సంగతి ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు, నాకూ ఫ్రిజ్‌కీ. దాన్నెవరూ నోరు మూసుకోమనలేదు కాబట్టి అది చెబుతోంది.

ఆ పేర్లు రాసింది ఈయనే. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో తెల్ల స్టిక్కర్లు కత్తిరించి, ముత్యాల్లాంటి అక్షరాలతో హాలు, వంటిల్లు, పడకగది, స్నానాలగది అని రాసి అంటించారు. ఒక్కో మీటా దించి, ఏ గదిలో దీపం ఆరిందో చూసి రాసుకుంటే సరిపోయేది. అలా చూడటం చేతకానివాళ్ళ పని. ఈయన, ఇల్లు కట్టినవాళ్ళిచ్చిన ప్లాను చూసి రాశారు, ఆ ప్లాను తలకిందులుగా పట్టుకున్నారని నా అనుమానం, ఎందుకంటే అవి ఉత్త తప్పులు కావు, అన్నీ తిరగబడ్డాయి, అద్దంలో చూసుకున్నట్టు. తప్పులో కూడా ఒక క్రమశిక్షణ. చెప్పాను. “నాకు తెలుసు, నేనే రాశాను” అన్నారు. ఇంకోసారి చెప్పాను. “రాసింది నువ్వా నేనా?” అన్నారు. అక్కడితో ఊరుకుని ఆ పెట్టెని తిరగేసి చదవడం నేర్చుకున్నాను. అమ్మాయికీ నేర్పాను. మా అమ్మాయి పాపం పెద్దదై హాస్టల్‌కి వెళ్ళి, మొదటిరోజే అక్కడివాళ్ళని “ఇక్కడ ఏది ఆపితే ఏది ఆగుతుంది?” అని అడిగిందట, అందరూ నవ్వారట. ఆ పెట్టె దగ్గరికి వెళ్ళే పని ఈయనకి పడలేదు. ఫ్యూజు పోయినా, గీజరు బాగుచేసేవాడు వచ్చినా, నేనే వెళ్ళి పడకగది దించి వంటిల్లు ఆపి, హాలు దించి స్నానాలగది ఆపి, ఏళ్ళ తరబడి ఈయన రాతని కాపాడుకుంటూ వచ్చాను. ఇవాళ స్వయంగా లేచి వెళ్ళారు.

కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. బరువు ఎడమచేతి మీదికి వేస్తే పట్టీ ఒక వెంట్రుకవాసి జారింది, వెంటనే “కదపకు!” అని అర లోపలి నుంచి వినిపించింది. తలకాయంతా కప్‌బోర్డులో ఉంది, డ్రిల్లుతో పక్క చెక్కకి కన్నం పెడుతున్నారు, వైరు ఈ అరలోంచి ఆ అరలోకి పోవడానికి. డ్రిల్లుకి హాల్లోంచి పొడుగు వైరు తెచ్చుకున్నారు, ‘ఇక్కడ కరెంటు లేదు కదా’ అని. ఎంత తెలివైన మనిషి. చెక్కపొడి నా జుట్టులో, పోపులడబ్బా మూత మీద, తుడిచిన గట్టు మీద రాలుతోంది, అది మళ్ళీ తుడిచేది ఎవరో పట్టీకి కూడా తెలుసు. ఈ దీపాలు నేను అడిగినవే. అడిగి అడిగి మానేసినవి. ఈ వంటింటికి దీపం నడినెత్తిన, నేను గట్టు వైపు తిరిగి నిల్చుంటే నా నీడే కూరలు తరిగే చెక్క మీద పడుతుంది, ఇన్నేళ్ళుగా నా నీడనే ముక్కలు కోస్తున్నాను. చిక్కుడుకాయలో పురుగుందా నారుందా అని వేలితో తడిమి తెలుసుకోవాలి. చీకటిగా ఉందండీ అంటే “కళ్ళజోడు మార్పించుకో” అన్నారు. మార్పించుకున్నాను. నీడ ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత పోయిన నెల ఈయన అక్క వచ్చింది. వదిన మంచిది, అదే కదా నా బాధ, చెడ్డదైతే తిట్టుకుని తేలికపడేదాన్ని. ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకుని, “ఒరేయ్, ఇంత చీకట్లో మీ ఆవిడ ఎలా వండుతోందిరా నీకు? అరల కింద దీపాలు పెట్టించరాదూ?” అంది. వారం తిరక్కుండా పట్టీలొచ్చాయి, అడాప్టర్ డబ్బా వచ్చింది, స్క్రూల పొట్లం వచ్చింది. నా కళ్ళు ఇన్నేళ్ళు చెప్పలేనిది వదిన వేలు ఒక్కసారి చెప్పింది. నేనూ వేలు కోసుకున్నాను, చాలాసార్లు. కానీ అవి నావి.

“స్క్రూలు” అన్నారు, తల బయటపెట్టకుండా చెయ్యి మాత్రం చాచి. ఒక చేత్తో పట్టీ అదిమి రెండో చేత్తో అందించాను. నాలుగు పెదాల మధ్య పెట్టుకున్నారు. అదొక్కటే ఇవాళ్టి సుఖం, పెదాల మధ్య స్క్రూలుంటే మాట్లాడలేరు. స్టీలు స్టూలు మీద నిల్చున్నారు, కాళ్ళకి ఏమీ లేదు. ఉత్తకాళ్ళు, స్టీలు స్టూలు, తడి ఆరని నేల. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, ఈయన కామర్స్, అందుకే మా ఇంట్లో కరెంటు పనులు ఈయనవి. కరెంటు దగ్గరి దారి వెతుక్కుంటుందని మా మేడం చెప్పేది, ఆవిడ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది, బల్ల మీద సుద్దముక్కతో కొడుతూ. దగ్గరి దారి ఎలా ఉంటుందో ఎదురుగా కనిపిస్తోంది: చెయ్యి, భుజం, గుండె, మోకాలు, మడమ, స్టూలు, నేల. ఎక్కడా మలుపు కూడా లేదు. గుమ్మం పక్కన ఈయన రబ్బరు చెప్పులున్నాయి. నోరు మూసుకోమన్నారు గానీ కాలు ముడుచుకోమనలేదు కదా. కాలు చాచి, బొటనవేలితో ఒక చెప్పుని లాగి, స్టూలు పక్కకి తోశాను, తర్వాత రెండోది. కిందికి చూశారు. పెదాల్లోంచి స్క్రూలు అరచేతిలోకి ఊసుకుని, “కాళ్ళకి అడ్డం పెడతావేం, పడి చస్తాను” అని ఒక కాలు కిందికి దించి రెంటినీ గుమ్మం దాకా తన్నారు. పడి చావరు. అది కాదు ఇవాళ్టి పద్ధతి.

“నాకు తెలుసు, నాకు తెలుసు.” ఈ మనిషితో కాపురం అంటే ఆ రెండు ముక్కలతో కాపురం. ఒకసారి స్టేషన్లో మేం ఎక్కాల్సిన రైలు పక్క ప్లాట్‌ఫారం మీద నిల్చుని కూత పెడుతుంటే, “ఏమండీ, అది కదా మనది” అన్నాను. “నాకు తెలుసు, ఎక్కు.” సామాను, అమ్మాయి, నీళ్ళ సీసాలు, అందరం ఎక్కాం. టీ అమ్మేవాణ్ణి అడిగి వచ్చి మళ్ళీ చెప్పాను. “ఎవడో చెప్పాడని దిగిపోతామా?” అన్నారు. రైలు హాయిగా మాకు సంబంధం లేని ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ దిగి, బెంచీ మీద కూర్చుని, చుట్టూ చూసి, “ఈ ఊళ్ళో కూడా చూడాల్సినవి ఉన్నాయి” అన్నారు. చూశాం. ఒక చెరుకురసం బండి, ఒక మూసేసిన లైబ్రరీ. అప్పట్నించి నాకొక నియమం ఉంది, ఏదైనా రెండుసార్లు చెబుతాను, మూడోసారి నా పని కాదు. ఈ మీటల సంగతి రెండుసార్లు చెప్పేశాను, ఎప్పుడో అయితేనేం, చెప్పడం చెప్పడమే. కోటా అయిపోయింది. పైగా నోరు మూసుకోమన్న మాట ఒక్కటే అయితే పోనీ అనుకునేదాన్ని, కానీ పొద్దున వదిన ఫోన్లో ఉండగా, ఆవిడ వింటుండగా, “దీనికి పట్టుకోవడం వస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా” అని నవ్వుతూ అన్నారు. దీనికి. వదిన నవ్వలేదు. ఫోన్లో అవతల ఆ నవ్వని చప్పుడు నాకు వినిపించింది.

ఫ్రిజ్ ఒకసారి గొంతు సవరించుకున్నట్టు దడదడమని ఆగి, మళ్ళీ అందుకుంది. వినండి మహాప్రభో. చెప్పను నేను, కానీ వినడానికి మీకెవరు అడ్డం? ఒక చెయ్యి దించి, వెనక్కి తడిమి ఫ్రిజ్ తలుపు తెరిచాను. లోపలి దీపం భళ్ళున వెలిగి, పాలపాకెట్ల మీద, టమోటాల మీద, సగం కోసిన నిమ్మకాయ మీద, ఈయన పిక్కల మీద కూడా పడింది. ఇంతకన్నా పెద్ద దీపంతో ఏ మనిషికీ ఏదీ చూపించలేం. తల తిప్పారు, చూశారు. “మూయి! కరెంటు లేనప్పుడు ఫ్రిజ్ తెరవకూడదు, చల్లదనమంతా పోతుంది. ఆ మాత్రం తెలీదూ?” అన్నారు, ఆ వెలుతురులోనే, ముఖమంతా తెల్లగా మెరుస్తూ. మూశాను. ఇక నేనేం చెయ్యను? సూర్యుణ్ణి తెచ్చి గట్టు మీద పెట్టినా, ఎందుకు తెచ్చావు, కూరలు వాడిపోతాయి అంటారు.

ఈయన మెడ వెనక పుట్టుమచ్చ పైకీ కిందికీ కదులుతోంది, స్క్రూడ్రైవరు తిప్పినప్పుడల్లా. బనియన్‌కి భుజం దగ్గర చిల్లు, కుట్టమని చెప్పలేదు, చెప్పకుండానే కుట్టాలి కదా నేను. ఏమవుతుంది, ఏమీ అనకపోతే? ఫోన్లు వస్తాయి. ఎలా జరిగిందమ్మా? వంటింట్లో దీపాలు బిగిస్తూ. అయ్యో, నువ్వెక్కడున్నావు? పక్కనే, పట్టీ పట్టుకుని. వదిన గుండెలు బాదుకుంటుంది, నావల్లే, నా నోరు పడిపోను అని. అమ్మాయి మాత్రం ఏడవడం ఆపి ఒక్క ప్రశ్న అడుగుతుంది, అదెలా అడుగుతుందో తెలుసు నాకు, తల కొంచెం పక్కకి వంచి, మెల్లగా, “అమ్మా, ఏ మీట దించారు?” ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మిగతా అందరికీ జవాబుంది. చేతులు రెండూ ఇప్పుడు నావి కావు, పైనుంచి ఎవరో వేలాడదీసినట్టున్నాయి, చెమట చంకలోంచి నడుం దాకా దారి చేసుకుంది, దానికీ దగ్గరి దారి తెలుసు. ఈ మనిషి చావాలని లేదు నాకు. ఓడిపోవాలని ఉంది. ఈ రెంటికీ మధ్య సందు ఇంత ఇరుకుగా ఉంటుందని ఇవాళే తెలిసింది. చిన్న షాక్ కొడితే? చెయ్యి విదిలించుకుని, జుట్టు నిక్కబొడుచుకుని, బుద్ధొచ్చి? చిన్నది అని కరెంటుకి ఎవరు చెబుతారు, అది కూడా ‘నాకు తెలుసు’ అంటే?

“ఇక వదులు, అంటుకుంది” అన్నారు. వదిలాను. పట్టీ నిలిచింది. చేతులు కిందికి రావడానికి ఒప్పుకోలేదు, కాసేపలాగే గాల్లో ఉండిపోయాయి. ఈయన స్టూలు దిగి, దాన్ని పొయ్యి పక్కకి లాగి, మిక్సీ పెట్టుకునే స్విచ్ బోర్డు ముందు మళ్ళీ ఎక్కారు. అడాప్టర్‌కి ఇక్కడి నుంచే కరెంటు తీసుకోవాలట. బోర్డు మూత స్క్రూలు ఒక్కోటీ విప్పి జేబులో వేసుకున్నారు. మూత ముందుకి వాలింది, వెనక తీగలు, ఎర్రవీ నల్లవీ, ఎప్పుడూ మనిషి ముఖం చూడనట్టు ముడుచుకుని ఉన్నాయి. వేలు పెట్టబోయి ఆగి, గట్టు మీద వెతికి, నా కూరల కత్తి తీశారు. తీగ తొడుగు గీరడానికి. చెక్కపిడి అరిగిపోయి ఇనప తోక బయటికొచ్చిన కత్తి, నేను గుడ్డ చుట్టి పట్టుకునేది. ఎడమచేత్తో ఎర్ర తీగని బయటికి లాగి, కత్తిని దాని మీదికి దించుతుంటే నాకు వదిన గుర్తురాలేదు, అమ్మాయి గుర్తురాలేదు, ఫిజిక్స్ మేడం అసలే గుర్తురాలేదు, పుట్టుమచ్చ మాత్రం ఆగిపోయి ఉంది, కదలకుండా, ఊపిరి బిగబట్టినప్పుడు ఆగినట్టు.

“ఆగండి.”

“గంట కాలేదు” అన్నారు, తల తిప్పకుండా.

“ఆ కత్తి తియ్యండి అక్కణ్ణుంచి!”

అంత గొంతు నాకుందని నాకే తెలీదు. కత్తి గాల్లో ఆగింది. స్పూన్ల సొరుగు లాగి, గరిటెల కింద నుంచి టెస్టర్ తీశాను, మిక్సీ జారు అడుగున ఇరుక్కున్నవి గోకడానికి నేను వాడుకునేది. స్టూలు పక్కగా చెయ్యి చాచి బోర్డులో పెట్టాను. పిడిలోపల చిన్న ఎర్ర దీపం వెలిగింది. ఆవగింజంత. ఈయన దాన్ని చూశారు. నేను ఈయన్ని చూశాను.

“ఎవరు ఆన్ చేశారు?” అన్నారు.

ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందులో ఒకరు రెండు చేతులూ ఎత్తుకుని ఇంతసేపూ ఇక్కడే ఉన్నారు.

“నేను ఆపాను. నా చేత్తో నేను ఆపాను. ఆ తర్వాత, పట్టీ పట్టుకునే ముందు, నువ్వు స్క్రూల పొట్లం తేవడానికి హాల్లోకి వెళ్ళావు.”

“వెళ్ళాను.”

“పెట్టె దాటే వెళ్ళావు.”

అప్పుడు అర్థమైంది నాకు. తన చేతిరాత తప్పయిందని నమ్మడం కన్నా, పెళ్ళాం చంపబోయిందని నమ్మడం ఈ మనిషికి తేలిక. స్టూలు మీద నుంచి నన్ను చూస్తున్నారు, ఎన్నడూ చూడనట్టు, కళ్ళు పెద్దవి చేసి, కత్తిని కొంచెం తన వైపుకి లాక్కుని. భయపడ్డారు. ఆ చూపు నాకు నచ్చిందని ఎవరితోనూ అనను. చెయ్యి చాచితే స్క్రూలందించే మనిషిని కాదు చూస్తున్నది, ఏమైనా చెయ్యగల మనిషిని. ఇన్నేళ్ళలో నాకు దక్కిన మర్యాద అదొక్కటే అనిపించి, నవ్వొచ్చి, మింగేశాను.

“అది పడకగది మీటండీ. వెళ్ళి చూడండి, మీరు దించింది దించినట్టే ఉంటుంది. పడకగదిలో ఫ్యాను తిరగదు.”

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఈ గంటసేపూ?”

“నోరు మూసుకోమన్నారు కదా.”

స్టూలు దిగారు. కత్తిని సింకులో పెట్టారు, పెట్టాక కొళాయి తిప్పి దాన్ని కడిగారు, ఎందుకో. నా పక్కనుంచి నడవలోకి వెళ్ళారు, నాకు తగలకుండా, ఒళ్ళు కొంచెం ఒంపుకుని. పెట్టె తలుపు కిర్రుమంది. మీటలు చదువుతున్నారేమో, వేలు ఒక్కోదాని మీదా పెట్టి, మనసులోనే తిరగేసుకుంటున్నారేమో. తర్వాత ఒక టక్కు. ఫ్రిజ్ నిట్టూర్చి ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా చెవులు రిక్కించినట్టయింది. వస్తారని చూశాను. రాలేదు.

“ఏమండీ, రండి, ఆగిపోయింది.”

“తీగలు నువ్వే కలుపు.” గొంతు అక్కణ్ణుంచే. “నేనిక్కడ నిల్చుంటా. ఎవరూ ఆన్ చెయ్యకుండా.”

ఎవరూ అంటే ఎవరు? నేనిక్కడున్నాను, మిగిలింది తను. గుమ్మం దగ్గరి రబ్బరు చెప్పులు నేనే తొడుక్కుని, స్టూలెక్కాను. నాకు రెండూ పడవల్లా ఉన్నాయి. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు. ఇంకో తీగ మీద పెట్టాను, వెలగలేదు. కానీ టెస్టర్ ఈ క్షణం సంగతే చెబుతుంది. వచ్చే క్షణం సంగతి పెట్టె దగ్గరున్నాయన చేతిలో ఉంది, ఆయన నాకు కనబడటం లేదు. ఇందాకటి నా స్థానంలో ఇప్పుడు ఆయన ఉన్నారు. ఏం ఆలోచిస్తున్నారో. ఫోన్లు వస్తాయి, ఎలా జరిగింది అంటారు, నువ్వెక్కడున్నావు అంటారు, ఆయనకీ జవాబులన్నీ దొరుకుతాయి, నావి దొరికినట్టే. పుట్టుమచ్చలాంటిది నా మీద ఏదైనా ఉందా, ఆయన చూసింది, ఆగిపోతే ఆయనకి తెలిసేది? మెడ తడుముకున్నాను. చెమట. నాకు కోపం తగ్గలేదు, తగ్గే కోపం కాదది, కానీ కోపం పెట్టుకునే ఇప్పుడు ఈ రాగి తీగ చేత్తో పట్టుకోవాలి, వేరే దారి లేదు. కత్తెరతో తొడుగు గీరి తీశాను. లోపల రాగి కొత్తగా, సిగ్గు లేకుండా మెరిసింది. నడవలోంచి చప్పుడు లేదు. చప్పుడు లేకుండా నిల్చున్న మనిషి ఏమేం ఆలోచించగలడో ఈ గంటలో నాకు బాగా తెలిసొచ్చింది.

“ఏమండీ.”

“ఊఁ.”

“ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా.”

గొంతు సవరించుకున్నారు.

“నాకేం తోచట్లేదే.”

“అదే చెబుతూ ఉండండి” అని, ఎర్ర తీగ పట్టుకున్నాను.